హెస్సే సిపాయికి ఉపవాసం ఉన్న షావుకారు

ఇత్తడి సామాను కొట్టు షావుకారు పెద్ద కొడుకు ఈ భాద్రపదం మొదటి వారంలో విజయనగరంలోని మా ఇంటికి వచ్చాడు. తండ్రి పోయి ఏడాది కావస్తున్నదనీ, సంవత్సరీకం నాటికి సంస్మరణ సంచిక ఒకటి వేస్తున్నామనీ, అందులోకి నన్ను రెండు పేజీలు రాయమనీ అడిగాడు. శీర్షిక కూడా తానే నిర్ణయించుకుని వచ్చాడు: ‘నిస్వార్థ పరిశోధకుడు’. అట్ట మీద వేయబోయే ఫోటోను ఫోనులో చూపించాడు. అందులో షావుకారు తెల్లని నూలు చేతొడుగులు వేసుకుని, ఎడమ చేతిలో ఒక పతకాన్నీ కుడి చేతిలో భూతద్దాన్నీ పట్టుకుని, పసిపిల్లకు చెవి కుట్టబోతున్న కంసాలిలాగా ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

“మా నాన్న గురించి మీకన్నా తెలిసినోళ్ళు ఎవరున్నారు మాష్టారూ?” అన్నాడు కొడుకు.

ఆ మాట నిజమే. నేను పాఠం చెప్పిన మాష్టరును కాను. ఒక ప్రభుత్వ కార్యాలయపు రికార్డు గదిలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ని. అయినా మా వైపు కాస్త చదువుకున్న ముసలివాడెవడైనా మాష్టారే. నేను రోజూ రాసుకునే పుస్తకాలు ఇప్పటికి నలభై ఒకటి ఉన్నాయి. షావుకారు ప్రసక్తి ఉన్నవి వాటిలో పద్నాలుగు. కొడుకు వెళ్ళిన తర్వాత ఆ పద్నాలుగూ అటక మీద నుంచి దించి, తేదీల వరుసలో మళ్ళీ చదివాను. చదవడానికి నాలుగు రోజులు పట్టింది. ముగిసేసరికి నాలో మిగిలినది ఒక్కటే. రోత. అందులో నా వాటా కూడా ఉన్నందువల్ల దానిని సంచికలో రెండు పేజీలకు కుదించడం సాధ్యం కాదు. అందుచేత ఇక్కడ రాస్తున్నాను.

షావుకారు సేకరించినవి పాత జర్మనీ రాజ్యాల సైనిక పతకాలు. విన్నవారెవరైనా మొదట నవ్వుతారు. నేనూ నవ్వాను. ఇత్తడి బిందెలూ, కంచు గిన్నెలూ అమ్ముకునే మనిషికి జర్మనీతో పనేమిటి? ఆయన నవ్వేవాడు కాదు. 

“అప్పట్లో జర్మనీ అంటే ఒక్క రాజ్యం కాదు మాష్టారూ. మనకి బొబ్బిలి, సాలూరు, కురుపాం, పర్లాకిమిడి ఉండేవి కాదా? అలాగే వాళ్ళకి ప్రష్యా, బవేరియా, సాక్సనీ, హెస్సే, ఇంకా వేలెడంత వేలెడంత సంస్థానాలు. పైన చక్రవర్తి ఒక్కడే. కానీ ఏ రాజు సిపాయికి ఆ రాజు పతకం ఇచ్చుకోవలసిందే.” 

ఈ వివరణను ఆయన కొట్టుకు వచ్చిన ప్రతివారికీ, బిందె తూకం వేస్తున్న సమయంలో సైతం, అవే మాటలతో చెప్పేవాడు.

ఆ పిచ్చికి మూలం పాతసామాను మూట. మా వైపు కొట్లలో పాత పాత్ర ఇచ్చి కొత్త పాత్ర తీసుకునే అలవాటు ఉంది. దానిని మార్పిడి అంటారు. సాలూరు వైపు నుంచి మార్పిడికి వచ్చిన ఒక మూటలో, చిల్లు పడిన చెంబుల నడుమ, నల్లని ఇనుప శిలువ ఒకటి ఆయనకు దొరికింది. ఏ పాదిరీ పెట్టెలో నుంచి బయటపడిందో తెలియదు. అది ఓల్డెన్‌బర్గ్ అనే చిన్న రాజ్యానిదని తేల్చుకోవడానికి ఆయనకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలోనే ఆయన మిగిలిన జీవితం కూడా తేలిపోయింది.

నేను ఆయన ఇంటికి మొదటిసారి వెళ్ళింది నా దస్తూరీ కోసం ఆయన కబురు పంపినప్పుడు. కొట్టు పైనే ఇల్లు. మేడమీద గదిలో టేకు బీరువా, దానికి లోతు లేని ఇరవై సొరుగులు, ప్రతి సొరుగులో నల్లని మఖమలు. ఆయన ముందు పళ్ళు తోముకుని, తరువాత చేతులు కడుక్కుని, ఆ తరువాత చేతొడుగులు తొడుక్కుని గాని సొరుగు లాగేవాడు కాదు. పతకం ముందు మాట్లాడవలసివస్తే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. రిబ్బను పోగులు చెదురుతాయని ఫ్యాను ఆపించేవాడు. మే నెలలో, విజయనగరంలో. 

ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి గుమ్మం అవతలే నిలబడి, “ఆ జర్మనోళ్ళకి గాలి తగలకూడదట మాష్టారూ. మనకి తగలకపోయినా పర్వాలేదు” అనేది. ఆయన వినిపించుకునేవాడు కాదు.

ఆయనకు తెలిసినది తక్కువ కాదని రాయకపోతే నేను అబద్ధం రాసినవాణ్ని అవుతాను. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజులలో వెండీ కంచూ కరువై తుత్తునాగంతో పోసిన పతకాన్ని ఆయన కింది పెదవికి ఆనించి, కళ్ళు మూసుకుని చెప్పేవాడు. సూది మొనంత ముద్రను బట్టి అది ఏ ఊరి కార్ఖానాలో తయారైందో పోల్చేవాడు. ఒక సిపాయికి వచ్చిన పతకాలన్నీ ఒకే కడ్డీకి వరుసగా గుచ్చి ఉంటే, ఆ వరుసను చూసి వాడిది ఏ రాజ్యమో తేల్చేవాడు. ఇనుప శిలువ ఉంటే అది మొదట. ఆపైన తన రాజు ఇచ్చినవి. పరాయి రాజులు ఇచ్చినవి చివర. “మనిషి అబద్ధం ఆడతాడు, కాగితం అబద్ధం ఆడతాది. రిబ్బను వరస ఆడదు మాష్టారూ” అనేవాడు.

నేను ఆయనకు రిజిస్టరు కట్టి ఇచ్చాను. క్రమసంఖ్య, రాజ్యం, లోహం, రిబ్బను రంగులు, అంచు మీద ముద్ర, ఎలా వచ్చినది, ఎప్పుడు వచ్చినది: ఏడు గడులు. ఎర్ర సిరాతో గీతలు గీశాను. ఆరు సంవత్సరాలు, వారానికి రెండు సాయంత్రాలు ఆ పని చేశాను. ఎవరూ అడగని శ్రద్ధతో చేశాను.

హెస్సే సిపాయి సంగతి ఆ రోజులలోదే. చెప్పులు కుట్టేవాడి కొడుకట. ఇరవై రెండేళ్ళకు బురదలో చనిపోయాడట. ధైర్యానికి ఇచ్చిన పతకం తాలూకు ప్రదాన పత్రం, వాడి మరి రెండు పతకాలు షావుకారుకు ఎక్కడో దొరికాయి. పత్రంలో ఉన్న అసలు ధైర్య పతకం మాత్రం విడిపోయింది. ఈ సేకరణ లోకంలో అటువంటి వాటిని మళ్ళీ ఒక చోటికి చేర్చడం మహత్కార్యం కింద లెక్క. ఒకే మనిషివి అయి ఉండి, చెదిరిపోయి, నూరేళ్ళ తర్వాత కలుసుకోవడం! షావుకారు ఆ కుర్రవాడి తల్లి పేరు తెలుసుకున్నాడు. వాళ్ళ ఊరి చర్చి ఫోటో తెప్పించి గోడకు తగిలించాడు. వాడు చనిపోయిన తేదీన ప్రతి ఏడూ రాత్రి భోజనం మానేసేవాడు. ఒకసారి ఆ ఉపవాసం నా ఎదుటే జరిగింది. కంట నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ రోజు నా పుస్తకంలో ‘సహృదయుడు’ అని రాసుకున్నాను. మొన్న చదువుతూ ఆ మాట మీద గీత కొట్టి, పక్కన తేదీ వేశాను.

ఇక రేకు డబ్బా సంగతి.

కొట్టులో, గల్లా కింద, పాత తూకపు రాళ్ళ పక్కన ఒక బిస్కట్ల డబ్బా ఉండేది. మార్పిడికి వచ్చిన మూటలలో మన ఊళ్ళవాళ్ళ పతకాలు కూడా వచ్చేవి. తెల్లదొరల కాలంలో యుద్ధాలకు పోయిన మన సిపాయిలవీ, కూలీలవీ. వాటికి మఖమలు లేదు, చేతొడుగులు లేవు. మిరపకాయ బజ్జీ తిన్న చేత్తోనే డబ్బాలో గలగలలాడిస్తూ వెతికేవాడు. జర్మన్ పతకాలకు పేర్లుండడం అరుదు. వీటికి అంచు చుట్టూ నంబరు, పేరు, దళం ఆంగ్లంలో గుద్ది ఉండేవి. పేరు లేని పరాయి సిపాయి పేరు కోసం ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసిన మనిషి, పేరున్న మనవాళ్ళను ఒక్కసారి భూతద్దం కింద పెట్టలేదు. 

అడిగితే, “వీటికి విదేశాల్లో గిరాకీ ఉంటాది మాష్టారూ. పడుండనివ్వండి” అన్నాడు.

పడుండనిచ్చాను.

మూడేళ్ళ కిందట, ఆషాఢంలో, నేను కొట్టులో కూర్చుని ఉండగా ఆమదాలవలస అవతలి పల్లె నుంచి ఒక ముసలామె వచ్చింది. డెబ్భై అయిదేళ్ళుంటాయి. కూతుర్ని మా ఊళ్ళోనే ఇచ్చింది. చూడడానికి వచ్చినప్పుడల్లా ఈ కొట్టులోనే సామాను కొనేది. రెండు పాత కంచాలు మార్పిడికి ఇచ్చి, చీర కొంగు ముడి విప్పి, పసుపు గుడ్డలో చుట్టిన బిళ్ళ ఒకటి బల్ల మీద పెట్టింది.

“ఇది మార్పిడి సరుకు కాదు సావుకారూ. కొక్కెం ఊడిపోనాది. అతికించి ఇయ్యాల.”

“ఏటిది మామ్మా?”

“మా బస్రా తాత. మా ఇంటాయనకి తాత అవుతాడు. తెల్లోళ్ళ యుద్ధానికి మూటలు మొయ్యడానికి బస్రా అట్టుకుపోనారు. ఆయన రానేదు, ఇది వొచ్చినాది. పెద్దల అమాసకి పీట మీద దీన్నెట్టి కూడెడతాం. బూడిద నేదు, బొంద నేదు. మాకు ఇదే ఆయన.”

బస్రా అంటే ఇప్పటి ఇరాక్‌లోని రేవు. షావుకారు బిళ్ళను పెదవికి ఆనించాడు. ముఖం మారింది. “మాష్టారూ, అంచు చదవండి” అని భూతద్దం నా చేతికిచ్చాడు. 

నంబరు 4127, కూలీ, పేరు అప్పలసూరి, కూలీ దళం. అక్షరాల గుంటలలో పసుపు ఇరుక్కుని ఉంది. నేను షావుకారుకు మాత్రమే వినబడేటట్టు గొంతు తగ్గించి ఆంగ్లంలోనే చదివాను. ముసలామె బిందెల వరుస వైపు చూస్తూ ఉంది. ఆమెకు ఆ పేరు గట్టిగా తెలుగులో చదివి చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. అలవాటు ప్రకారం ఆ రాత్రి నా పుస్తకంలో మాత్రం రాసుకున్నాను.

“సిపాయిలకి వెండి ఇచ్చారు. కూలీ దళం వాళ్ళకి కంచు చాలన్నారు తెల్లోళ్ళు. కంచువి తక్కువ, అందుకే ఇప్పుడు వెండికన్నా ఇదే మోజు” అని షావుకారు నా చెవిలో అన్నాడు. తరువాత ఆమె వైపు తిరిగి, “నెల్లాళ్ళు పోనిచ్చి రా మామ్మా. మంచి పనివాడి చేత అతికిస్తాను” అన్నాడు.

“అమాసకి అందాల బాబూ.”

“అందుతాది.”

శ్రావణంలో ఒక సాయంత్రం షావుకారు నన్ను ఆటో పంపించి మరీ పిలిపించాడు. చేతొడుగులు వేసుకునే ఉన్నాడు. మఖమలు మీద హెస్సే సిపాయి మూడు పతకాలూ, నీలం మీద ఎర్ర అంచుల రిబ్బనుతో సహా, ఒకే వరుసలో ఉన్నాయి. మూడోది ఒక చిన్న అట్టపెట్టెలో వచ్చింది. మూత లోపల సిరాతో ఆ కుర్రవాడి పేరే ఉంది. “కలిశాడు మాష్టారూ. నూరేళ్ళకి కలిశాడు” అని తువ్వాలుతో కళ్ళు అద్దుకున్నాడు. 

రిజిస్టరు తెరిచాను. అయిదు గడులు నింపాక, “ఎలా వచ్చినది?” అని అడిగాను.

“మార్పిడి.”

మార్పిడి అని రాశాను. దేనికి మార్పిడి అని అడగలేదు. ముప్పై మూడేళ్ళు రికార్డు గదిలో పనిచేసి, ఏ ఫైలు ఎవరు పట్టుకెళ్ళారో సంతకం లేకుండా గడప దాటనివ్వని నేను, వచ్చినవాటికి ఏడు గడులు గీసి, పోయినవాటికి ఒక్క గడి గీయలేదు. ఈ వాక్యం రాయడానికే ఇన్ని పేజీలూ రాస్తున్నాను.

అమావాస్యకు ముందు ముసలామె వచ్చింది. పనివాడికి జ్వరమని షావుకారు చెప్పాడు. ఆమె రైలుకు తిరిగి వెళ్ళిపోయింది. కార్తీకంలో మళ్ళీ వచ్చింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“ఏటి సావుకారూ, మా తాత జొరం ఇంకా తగ్గలేదా?” అంది నవ్వుతూనే. “ఈ ఏడు ఒట్టి పీట ముందర ఇస్తరేసినాం. మా కోడలు అడిగినాది, ‘అత్తా, తాత ఊరెల్లినాడా’ అని.”

“తగ్గిపోయింది మామ్మా. ఇదిగో” అని షావుకారు ఒక బిళ్ళను గుడ్డతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. కంచుదే. కొక్కెం గట్టిగా ఉంది. పసుపు కూడా కొంచెం రాసి ఉంది.

ఆమె దానిని అరచేతిలో తిప్పింది. బొటనవేలితో అంచంతా తడిమింది. బిళ్ళ మీద ఉన్న తెల్లరాజు బొమ్మ మెడ దగ్గర ఆగింది.

“ఇది మావోడు కాదు.”

“అదే మామ్మా. శుభ్రం చేశాం కదా, కొత్తగా కనబడతన్నాది.”

“నానేటి కళ్ళతో సూస్తన్నానా? యాభై ఏళ్ళు సింతపండెట్టి తోమినాను. మా అత్త సేతిలోంచి రోకలి జారి పడిన సొట్ట ఉండాల ఇక్కడ. సొట్ట ఏదీ?”

లోహాన్ని పెదవితో చదివే షావుకారు తూకపు రాళ్ళు సర్దడం మొదలుపెట్టాడు. ఆమె నా వైపు తిరిగింది. “బాబూ, అచ్చరాలున్నాయి. ఏటున్నాదో సదువు.”

చదివాను. ఈసారి తెలుగులో, గట్టిగా చదివాను. వేరే నంబరు. వేరే పేరు. దళం అదే.

“ఈయనది ఏ ఊరు?”

“ఊరు రాయలేదమ్మా.”

ఆమె కాసేపు ఆ బిళ్ళను చూసింది. “అయితే ఈయన ఇంటోళ్ళూ ఎక్కడో ఎతుకుతుంటారు” అని, దానిని తన కొంగుతో ఒకసారి తుడిచి, బల్ల మీద పెట్టింది. “పరాయోళ్ళ తాతని నానెలా అట్టుకెల్తాను? ఆయనకి మా ఇంటి కూడు ఎలా దిగుతాది? మావోడు ఏడీ సావుకారూ?”

“పనివాడి దగ్గర మారిపోయింది మామ్మా. వెతికిస్తాను.”

“నువ్వు ఎతకవు” అంది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. బల్ల మీద తనకు పెట్టిన మంచినీళ్ళ గ్లాసును తాగకుండా పక్కకు జరిపి, రైలుకు వెళ్ళిపోయింది.

ఆమె మెట్లు దిగాక, “అది ఎక్కడుంది?” అని అడిగాను.

“జర్మనీలో.”

“హెస్సే పతకానికి ఇచ్చారా?”

“కూలీ దళం కంచుది ఇస్తేనే ఇస్తానన్నాడు మాష్టారూ అక్కడి వర్తకుడు. నేనేం చెయ్యను? అప్పటికి నా దగ్గరున్న కంచుది ఆవిడదొక్కటే. తరవాత మూటలో ఇంకోటి వస్తే, ఆవిడకి కంచుకి కంచు ఇచ్చాను కదా. తీసుకోకపోతే నా తప్పేటి?”

“అది ఆవిడ ఇంటి మనిషి.”

“వస్తువు. ఆళ్ళ దగ్గరుంటే చింతపండేసి తోమి తోమి ఇంకో పదేళ్ళకి అక్షరం మిగల్చరు. అక్కడ గాజు పెట్టెలో ఉంటాది. నిజానికి నేను ఆయనకి మేలు చేశాను.”

“ఆయన పేరేమిటి?”

ఆ రోజు నేను కిందికి తెచ్చుకున్న రిజిస్టరు వైపు షావుకారు చూశాడు. అందులో ఉండదని ఇద్దరికీ ఒకేసారి గుర్తుకు వచ్చింది. హెస్సే కుర్రవాడి తల్లి పేరు, తల్లి పుట్టిన ఊరి పేరు, ఆ ఊరి పిండిమర పేరు తెలిసిన మనిషికి, తన చేతులతో ఓడ ఎక్కించినవాడి పేరు గుర్తు లేదు.

“హెస్సేది వెనక్కి పంపి అది తెప్పించండి” అన్నాను.

ఆయన చెయ్యి గుండె మీదకు పోయింది. నటన కాదు. నిజంగానే బాధపడ్డాడు. “ఏటి మాటలు మాష్టారూ అవి? నూరేళ్ళకి కలిసినవాణ్ణి మళ్ళీ విడగొట్టమంటారా? ఆ కుర్రాడి ఆత్మ ఊరుకుంటాదా?”

నేను కలం జేబులో పెట్టుకుని మెట్లు దిగాను. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. ఆయన పోయినప్పుడూ వెళ్ళలేదు. అబద్ధం ఆడేవాళ్ళను రికార్డు గదిలో చాలామందిని చూశాను. దస్త్రంలో కాగితం చించేవాళ్ళను చూశాను. వాళ్ళకు తాము చేస్తున్నది తెలుసు. కళ్ళలో నిజమైన నీళ్ళు పెట్టుకుని, చేతొడుగులు వేసుకుని ఈ పని చేసిన మనిషిని ఒక్కణ్నే చూశాను. అందుకే నాకు ఆయన మీద కోపం రాదు. రోత పుడుతుంది. కోపమైతే ఈపాటికి చల్లారేది.

అలాగని నేను చేతులు కడుక్కోవడానికి వీలులేదు. గడప తొక్కడం మానేశానే గాని, ఆమె ఊరు వెతుక్కుంటూ వెళ్ళి జరిగింది చెప్పలేదు. రెండు అమావాస్యలు గడిచాయి. నా పుస్తకంలో ఆ పేరు, ఆ నంబరు క్షేమంగా ఉన్నాయని తృప్తి పడ్డాను. పుస్తకంలో ఉంటే ఉన్నట్టే అనుకోవడం మా వృత్తి జాడ్యం.

అందుచేత పాత పుస్తకాలు చదవడం ముగిశాక కొడుకును పిలిపించి, రెండు పేజీలకన్నా ముందు ఒకటి అడిగాను: ఆ హెస్సే పతకం తిరిగి పంపి, కంచు పతకం తెప్పించాలని. అతనికి పతకాల మీద మమకారం లేదు. 

“దానికేటి మాష్టారూ, ఆ బీరువా ఖాళీ అయితే ఏసీ పెట్టించుకుందాం అనుకుంటన్నాను” అని వెంటనే ఒప్పుకున్నాడు. నేను చెబుతూ ఉంటే తన ఫోనులో ఆ వర్తకుడికి ఉత్తరం టైపు చేసి పంపాడు. 

పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. నాలుగు వాక్యాలు. మర్యాదగా ఉన్నాయి. ఆ వస్తువు ఎప్పుడో అమ్ముడుపోయింది. కొన్నవారి వివరాలు ఇవ్వడం తమ పద్ధతి కాదు.

“అయిపోయింది మాష్టారూ. మరి మన రెండు పేజీలు?” అన్నాడు కొడుకు. ఇంకా చూస్తున్నానని చెప్పాను.

మహాలయ అమావాస్య నాడు తెల్లవారుజామున బండి ఎక్కి ఆమదాలవలసలో దిగి, ఆటో మాట్లాడుకుని ఆ పల్లెకు వెళ్ళాను. ఊరు పేరు కూతురింట్లో అడిగి తెలుసుకున్నాను. ముసలామె పెరట్లో పొయ్యి దగ్గర ఉంది. నన్ను గుర్తుపట్టి లేవబోయింది, వద్దన్నాను. వసారాలో పెద్దలకు విస్తళ్ళు వేసి ఉన్నాయి. ఒక్కొక్క విస్తరి ముందు ఒక ఫోటో, లేదా ఒక చేతికర్ర, ఒక కళ్ళజోడు. చివరి విస్తరి ముందు పీట ఉంది. పీట మీద ఏమీ లేదు.

“దొరికినాదా బాబూ?”

“దొరకదమ్మా. ఎవరి దగ్గరుందో కూడా ఇక తెలియదు.”

ఆమె పప్పు కలియబెట్టింది. “నాకు తెల్సు” అంది.

“మరొకటి తెచ్చాను. ఆయన పేరు తెచ్చాను.”

“పేరేటి? బస్రా తాతే గదా.”

“అది మీరు పిలుచుకునే పేరు. బిళ్ళ అంచు మీద అసలు పేరు ఉంది. అప్పలసూరి.”

పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న ఆమె కొడుకు చెంబు దించి, “అదేటమ్మా, తాతకి పేరున్నాదా? ఇన్నాళ్ళూ మనకి తెల్దా?” అన్నాడు.

“ఎవలు సెప్తారురా? ఆయన ఎల్లేసరికి మీ తాత ఇంకా కడుపులోనే ఉన్నాడు. ఆయన పెళ్ళాం ఒంటరిదై పుట్టింటికి, ఈ ఊరు వొచ్చేసినాది. ఇక్కడోళ్ళకి ఆయన మొకమే తెల్దు. ఆడది మొగుడి పేరు ఎత్తకూడదు గదా. బస్రా ఎల్లినోడు, బస్రా ఎల్లినోడు అని పిల్లడికి సెప్పుకున్నాది. ఆ మాటతోనే పోనాది.” ఆమె గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. “ఇంకోపాలి సెప్పు బాబూ.”

“అప్పలసూరి.”

ఆమె లోపలే రెండుసార్లు అనుకుంది. లేచి వెళ్ళి ఖాళీ పీట ముందు కూర్చుని, విస్తరిలో అన్నం పెట్టి, పప్పు పోసి, నీళ్ళు చుట్టూ తిప్పింది. “అప్పలసూరి తాతా, రా. ఆలీసం అయిపోనాది. కూకో” అంది. కోడలు, కొడుకు వెనుక నిలబడి దండం పెట్టారు. నేనూ పెట్టాను.

కొంతసేపయ్యాక, చెప్పవలసినది ఇంకొకటి మిగిలి ఉందన్న బాధ్యత కొద్దీ నోరు తెరిచాను. “ఆ కొట్టు షావుకారు పోయినేడాది చనిపోయాడమ్మా. ఆయన పేరు మీద కొడుకులు పుస్తకం వేస్తున్నారు. ఆయన పేరు...”

ఆమె చెయ్యి పైకి లేచింది.

“ఆ పేరు ఇక్కడెత్తకు బాబూ. తాత ఇప్పుడే కూకున్నాడు.”

ఎత్తలేదు. ఈ కాగితాలలోనూ ఎక్కడా రాయలేదు.